పరదేశంలో కొట్టు పెట్టాలంటే : వీసాలు, వర్క్ పర్మిట్లపై ఒక పాఠం



పలాస, టెక్కలి వైపు నుంచి, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి ఎంతోమంది వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా, ఇంటి పనివాళ్లుగా గల్ఫ్ దేశాలకు, సింగపూర్, మలేషియాలకు వెళ్తున్నారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటలను, జీడి తోటలను పడగొట్టిన తర్వాత ఊరు విడవడానికి ఇంకో కారణం కూడా కలిసింది. అలా వెళ్లినవారిలో మన హాస్టల్ పూర్వ విద్యార్థులూ ఉన్నారు. సెలవు మీద వచ్చినప్పుడు వారు తరచు అడిగే ప్రశ్న ఇది: "ఎన్నాళ్లని ఒకరి కింద పని చేస్తాం? అక్కడే ఒక టిఫిన్ కొట్టో, కిరాణా కొట్టో, మొబైల్ రిపేరు దుకాణమో పెట్టుకుంటే తప్పేమిటి?"

తప్పేమీ లేదు. కాని పని చేయడానికి ఇచ్చిన అనుమతి వేరు, వ్యాపారం చేయడానికి ఇచ్చే అనుమతి వేరు. ఈ రెండూ ఒకటే అనుకున్నవారు కూడబెట్టింది పోగొట్టుకుని, అప్పుతో ఇంటికి వస్తున్నారు. ఈ తేడాను వివరించడమే మా వ్యాసం ఉద్దేశం.

రంగూన్ నేర్పిన పాఠం

విదేశానికి వెళ్లడం మన తీరానికి కొత్త కాదు. మన తాతముత్తాతల కాలంలో గోపాలపురం, కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లెక్కి వేలాదిమంది బర్మా వెళ్లారు. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ కూలి చేశారు, రిక్షాలు లాగారు. కొందరు కొద్దికొద్దిగా కూడబెట్టి చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. అక్కడికి వెళ్లడమంటే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లడమే. వీసా అన్న మాటే లేదు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. 1948 జనవరి 4న అది స్వతంత్ర దేశమయింది. ఆ ఏడాదే పౌరసత్వ చట్టం వచ్చింది. కోరుకున్నవారు దరఖాస్తు చేసుకుని పౌరులు కావచ్చునన్నారు. మనవాళ్లలో చాలామంది దరఖాస్తు చేసుకోలేదు. చదువు లేక కొందరు, రేపో మాపో ఊరికి పోతాం కదా అని కొందరు ఊరుకున్నారు. ఏళ్ల తరబడి ఉన్నా, భాష వచ్చినా, పిల్లలు అక్కడే పుట్టినా, రికార్డుల్లో విదేశీయులుగానే మిగిలిపోయారు.

1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. అదే ఏడాది 50, 100 చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. దెబ్బ అందరికీ తగిలింది. కాని విదేశీయులుగా నమోదైనవారికి బతుకుతెరువుతో పాటు అక్కడ నిలబడే ఆధారం కూడా పోయింది. లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చేశారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా తిరిగి వచ్చినవారి పేరు మీద ఏర్పడిందే.

దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఏమిటి? పరదేశంలో మన కష్టానికి విలువ ఉంటుంది గాని, దాన్ని నిలబెట్టేది కాగితమే. పాస్‌బుక్ ఒకరి పేరున ఉండి, దున్నేది మరొకరైతే పంట ఎవరిదో, భూమి ఎవరిదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

నాలుగు కాగితాలు

విదేశంలో పనికీ వ్యాపారానికీ సంబంధించి ముఖ్యంగా నాలుగు కాగితాలుంటాయి. వీటిని కలగాపులగం చేసుకోరాదు.

1. పాస్‌పోర్టు: ఇది మన దేశం ఇచ్చేది. "ఈ మనిషి మా పౌరుడు" అని చెబుతుంది. మన జిల్లా విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తుంది. ఏ దేశంలోనైనా ప్రవేశించే హక్కు పాస్‌పోర్టు ఒక్కదానితోనే రాదు.

2. వీసా: ఇది ఆ దేశం ఇచ్చేది. "ఫలానా పని కోసం, ఫలానా గడువు వరకు రావచ్చు" అని చెబుతుంది. విజిట్ వీసా చూసి రావడానికి, బిజినెస్ వీసా సాధారణంగా బేరసారాలకు, సమావేశాలకు, ఎంప్లాయిమెంట్ వీసా ఉద్యోగానికి. బిజినెస్ వీసా అన్న పేరు చూసి దానిమీద కొట్టు తెరవవచ్చునని కొందరు పొరపడతారు. అది సరికాదు.

3. వర్క్ పర్మిట్: "ఈ మనిషి ఈ యజమాని దగ్గర ఈ పని చేయవచ్చు" అని చెప్పే అనుమతి. ఇందులో యజమాని పేరు, పని పేరు ఉంటాయి. ఆ యజమాని కాక ఇంకొకరి దగ్గర చేస్తే చాలా దేశాల్లో నేరం.

4. ట్రేడ్ లైసెన్సు: దుకాణానికి ఇచ్చే అనుమతి. ఎవరి పేరున ఇచ్చారో చట్టం దృష్టిలో వారే యజమాని. మన టెక్కలిలో హోటలు పెట్టేవాడు పంచాయతీ లైసెన్సు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకున్నట్లే అక్కడా తీసుకోవాలి. అదనంగా, ఆ లైసెన్సు విదేశీయుడికి ఇస్తారా అన్నది ముందు చూడాలి.

మొదటి మూడు కాగితాలతో కూలి చేసుకోవచ్చు. నాలుగోది లేకుండా, దానికి తగిన వీసా లేకుండా కొట్టు పెట్టలేం.

పదో తరగతి సర్టిఫికెట్ విలువ

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ అని ఉంటుంది. అంటే వలస తనిఖీ అవసరం అని అర్థం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఇటువంటివారు ఉద్యోగానికి 18 దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. యూఏఈ, సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, థాయిలాండ్, ఇరాక్ మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. సింగపూర్ అందులో లేదు. ఈ అనుమతి ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా వస్తుంది. యజమాని ఎవరు, జీతం ఎంత, కాంట్రాక్టు ఏమిటి అన్నది అందులో నమోదవుతుంది.

పదో తరగతి పాసైనవారికి ఈ తనిఖీ అక్కరలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మార్కుల సంగతి అలా ఉంచండి, ఆ ఒక్క సర్టిఫికెట్టు మీ పాస్‌పోర్టు రకాన్నే మార్చేస్తుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. తనిఖీ లేకపోతే ఆ తనిఖీతో వచ్చే రక్షణ కూడా ఉండదు. కాబట్టి చదువుకున్నవారు తమ కాగితాలు తామే తనిఖీ చేసుకోవాలి.

ఉద్యోగ వీసా మీద వ్యాపారం చేయవచ్చా?

ఒక్కొక్క దేశాన్ని చూద్దాం.

సింగపూర్: షిప్‌యార్డుల్లో, భవన నిర్మాణంలో పనిచేసే మనవాళ్లకు ఎక్కువగా వర్క్ పర్మిట్ ఉంటుంది. ఆ పర్మిట్ షరతుల్లోనే ఉంది: పర్మిట్ ఉన్న కార్మికుడు ఏ వ్యాపారంలోనూ పాల్గొనరాదు, సొంత వ్యాపారం పెట్టరాదు. విదేశీ వ్యాపారుల కోసం ఆంత్రపాస్ అనే మరో పాస్ ఉంది. అది కొత్త సాంకేతికతతోనో, పెద్ద పెట్టుబడిదారుల మద్దతుతోనో వచ్చే సంస్థలకు. కాఫీ షాపులు, ఫుడ్ కోర్టులు, మసాజ్ సెంటర్లు వంటివాటికి ఆ పాస్ ఇవ్వరు. పైగా అక్కడ కంపెనీ పెడితే కనీసం ఒక డైరెక్టరు స్థానిక నివాసి అయి ఉండాలి. అంటే మన వెల్డర్ తమ్ముడు ఉన్న పర్మిట్ మీద ఇడ్లీ కొట్టు పెట్టుకునే దారి అక్కడ లేదు.

కువైట్: అక్కడ వీసాకు నంబరు ఉంటుంది. 18వ నంబరు ప్రైవేటు సంస్థలో పనికి. 20వ నంబరు ఇంటి పనికి, దాన్నే మనవాళ్లు ఖాదిమ్ వీసా అంటారు. 20వ నంబరు మీద వెళ్లిన డ్రైవరు గాని, వంటమనిషి గాని బయట హోటల్లో పని చేస్తే పట్టుబడినప్పుడు శిక్ష తప్పదు. ఇంటి పనికి వెళ్లే మన అక్కచెల్లెళ్లకు ఈ తేడా ముందే చెప్పాలి.

మలేషియా: 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చారు. ఇది చూసి రావడానికే, పనికి కాదు. గడువు దాటి ఉంటే అక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం 10,000 రింగిట్లకు తగ్గని జరిమానా గాని, 5 ఏళ్ల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

థాయిలాండ్: క్షౌరం, వీధి వ్యాపారం, టూరిస్టు గైడు పని వంటివి అక్కడి పౌరులకే ప్రత్యేకించారు. వర్క్ పర్మిట్ ఉన్న విదేశీయుడైనా ఆ పనులు చేయరాదు.

అమెరికా: ఇంజనీరింగ్ చదివి వెళ్లిన మన పూర్వ విద్యార్థులకు ఇది వర్తిస్తుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారు తమకు వీసా పెట్టించిన సంస్థకే పని చేయాలి. చిన్న వ్యాపారం పెట్టుకునేవారికి ఇచ్చే ఈ-2 వీసా అమెరికాతో ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే. భారతదేశం ఆ జాబితాలో లేదు.

ఫ్రీ వీసా అనే మాట

గల్ఫ్ వెళ్లేవారి నోట ఫ్రీ వీసా, ఆజాద్ వీసా అన్న మాటలు వినిపిస్తాయి. ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ ఆ పేరుతో వీసా లేదు. జరిగేది ఇది. అక్కడి ఒక కఫీల్, అంటే స్పాన్సరు, డబ్బు పుచ్చుకుని తన దగ్గర పని ఉన్నట్లు వీసా తీస్తాడు. మనిషి దిగాక "నీకు నచ్చిన చోట చేసుకో, ఏడాదికి ఇంత కట్టు" అంటాడు. కాగితం మీద యజమాని ఒకరు, నిజంగా పని మరొక చోట. తనిఖీ వచ్చిన రోజున తప్పు చేసినవాడు కార్మికుడే అవుతాడు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి ధైర్యం ఉండదు.

మరొకరి పేరు మీద కొట్టు

అసలు నష్టం ఇక్కడే ఎక్కువ. స్థానికుడి పేరు మీద లైసెన్సు తీయించి, మన డబ్బు పెట్టి, మనం నడిపి, నెలనెలా అతడికి కొంత ముట్టజెప్పడం గల్ఫ్‌లో చాలాకాలంగా ఉన్నదే. సౌదీలో దీన్ని తసత్తుర్ అంటారు. ముసుగు వ్యాపారం అని చెప్పుకోవచ్చు. 2020లో సౌదీ ప్రభుత్వం దీనిమీద కఠినమైన కొత్త చట్టం తెచ్చింది. 5 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా విధించవచ్చు. విదేశీయుడైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపించి, మళ్లీ పనికి రానివ్వరు. సరిచేసుకోవడానికి ఇచ్చిన గడువు 2022 ఫిబ్రవరిలో ముగిసింది.

అక్కడ మొబైల్ ఫోన్ల అమ్మకం, రిపేరు పనులను 2016లోనే సౌదీ పౌరులకు ప్రత్యేకించారు. మొబైల్ రిపేరు నేర్చుకుని సౌదీలో దుకాణం పెడదామనుకునేవారు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే వారి పెట్టుబడి మిగులుతుంది.

చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క చూడండి. కొట్టు బాగా నడిస్తే లైసెన్సు ఉన్నవాడు "నాది నాకిచ్చెయ్" అనవచ్చు. మన దగ్గర రశీదు ఉండదు. కోర్టుకు వెళ్తే ముందు మన తప్పే బయటపడుతుంది. తోట తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుకు ఇంతకంటె బలహీనమైన చోటు లేదు.

సక్రమమైన దారి ఉందా?

ఉంది. యూఏఈలో చాలాకాలం ఫ్రీ జోన్ల బయట పెట్టే కంపెనీకి 51 శాతం వాటా అక్కడి పౌరుడికి ఉండాలన్న నిబంధన ఉండేది. 2020 నవంబరులో చట్టం సవరించారు. 2021 జూన్ 1 నుంచి ఎక్కువ రకాల వ్యాపారాల్లో విదేశీయుడు నూరు శాతం సొంతదారు కావచ్చు. ఫ్రీ జోన్లలో అంతకు ముందు నుంచే ఈ వీలుంది. లైసెన్సు మన పేరున వచ్చాక దాని ఆధారంగా ఇన్వెస్టరు లేదా పార్టనరు వీసా తీసుకోవచ్చు. సౌదీలో కూడా పెట్టుబడి మంత్రిత్వ శాఖలో నమోదు చేసుకుని విదేశీయులు కొన్ని వ్యాపారాలు చేయవచ్చు.

అయితే దారి ఉంది కదా అని దూకరాదు. లైసెన్సు రుసుము, దుకాణం అద్దె, మున్సిపాలిటీ అనుమతులు, వీసా ఖర్చు, పనివాళ్ల వీసాలు అన్నీ లాభం రాకముందే కట్టాలి. దుబాయ్‌లో అద్దెకు ముందు తేదీలు వేసిన చెక్కులు ఇవ్వడం మామూలు. బాకీ తీర్చలేకపోతే కోర్టు దేశం విడిచి వెళ్లకుండా ఆంక్ష కూడా పెట్టవచ్చు. ఇంటికి రావడానికే వీల్లేని పరిస్థితి అది.

కాబట్టి ఏ దేశమైనా సరే, రూపాయి పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: ఈ వ్యాపారం విదేశీయులు చేయవచ్చా?
రెండు: లైసెన్సు నా పేరున వస్తుందా?
మూడు: నా వీసా అందుకు ఒప్పుకుంటుందా?
నాలుగు: నష్టం వస్తే మూసి, బాకీలు తీర్చి, ఇంటికి రాగలనా?

నాలుగింటికీ కాగితం మీద "అవును" అని ఉంటేనే ముందుకు వెళ్లాలి. నోటిమాట చాలదు.

ఊళ్లో ఉండి కూడా విదేశీ వ్యాపారం

విదేశీ వ్యాపారమంటే విదేశంలో కాపురమే అనుకోనక్కరలేదు. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పేరు మనకు తెలిసిందే. ఎగుమతి చేయాలంటే డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ అనే నంబరు కావాలి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి వర్క్ పర్మిట్ అక్కరలేదు, కఫీల్ అక్కరలేదు. పరాయి దేశంలో కొన్నేళ్లు పనిచేసి అక్కడి బజారు తెలుసుకున్నవారు ఈ దారి కూడా ఆలోచించాలి.

బయలుదేరే ముందు

1. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఇ-మైగ్రేట్‌లో చూడాలి. రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చుకోవడం 1983 చట్టం ప్రకారం నేరం.

2. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవలసిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. రశీదు అడగాలి. లక్షలు అడిగేవాడు ఆ లక్షలకు రశీదు ఇవ్వడు.

3. ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, దానిపై పన్ను. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి.

4. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు ఉంచాలి. కష్టం వచ్చినప్పుడు ఇంటివారు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో గాని, రాష్ట్ర ప్రభుత్వ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి గాని ఫిర్యాదు చేయడానికి అవే ఆధారం.

2024 మే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో సైబర్ మోసాల కేంద్రాల్లో చిక్కుకున్న భారతీయులు తిరగబడ్డ వార్త మనమంతా చదివాం. వారిలో ఉత్తరాంధ్ర యువకులున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకువెళ్లారు. విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. ఏజెంటు మాటకూ, కాగితం మీద రాసినదానికీ తేడా ఉంటే అది విమానం ఎక్కే ముందే తెలుసుకోవాలి.

అభ్యాసం

కింది ప్రశ్నలకు ముందు మీరే జవాబు రాసి, తర్వాత సరిచూసుకోండి.

1. పదో తరగతి తప్పిన ఒక యువకుడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంది. "విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లు, దిగాక ఉద్యోగ వీసాగా మారుస్తారు" అని ఏజెంటు చెప్పాడు. వెళ్లవచ్చా?

2. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ ఉన్న ఒక ఫిట్టర్ ఆదివారాలు బిర్యానీ పొట్లాలు చేసి తోటివారికి అమ్ముదామనుకున్నాడు. చేయవచ్చా?

3. సౌదీలో కఫీల్ పేరున ఉన్న కిరాణా కొట్టును నెలకు ఇంతని కట్టి నడుపుకోమన్నారు. ఒప్పుకోవచ్చా?

4. దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న ఒకరు బావగారి హోటల్లో వాటా పెట్టి, సాయంత్రాలు కౌంటరులో కూర్చోవాలనుకున్నారు. ఏం చూసుకోవాలి?

జవాబులు: 1. వెళ్లరాదు. ఉద్యోగానికి వెళ్తున్నాడు కనుక ఉద్యోగ వీసా, కాంట్రాక్టుతో వలస అనుమతి తీసుకోవాలి. 2. చేయరాదు. పర్మిట్ షరతు సొంత వ్యాపారాన్ని నిషేధించింది. 3. ఒప్పుకోరాదు. అది తసత్తుర్. 4. డబ్బు పెట్టినందుకు లైసెన్సులో, భాగస్వామ్య పత్రంలో పేరు ఉండాలి. కౌంటరులో కూర్చున్నందుకు ఆ హోటలు తరఫున పని చేసే అనుమతి విడిగా ఉండాలి. బావగారే కదా అని రెండింటిలో ఏదీ వదలరాదు.

ముగింపు

బర్మా వెళ్లిన మన పెద్దల్లో చాలామందికి అక్షరం రాదు. కాగితంలో ఏముందో చదివి చెప్పేవారు వారికి లేరు. ఈ రోజు మన హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు కూడా వీసా మీద పని పేరు, యజమాని పేరు, గడువు తేదీ కూడబలుక్కుని చదవగలడు. అర్థం కాని మాటకు డిక్షనరీ ఉంది, వార్డెన్ గారు ఉన్నారు, పూర్వ విద్యార్థులం మేమున్నాం. ఈసారి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు మీ వీధిలో విదేశానికి సిద్ధమవుతున్నవారు ఎవరైనా ఉంటే, ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఆ కాగితాలు ఒకసారి చదివి వారికి తెలుగులో చెప్పండి. మనం నేర్చిన చదువుకు ఊరు ఆశించే మొదటి ఉపయోగం అదే.